అంబులెన్స్ ఒక్కటే చాలు

2012 నవంబరు, వర్జీనియా. కార్తీక సోమవారం పొద్దు వాలుతోంది. కనకదుర్గ దేవుడి దగ్గర దీపాలు పెడుతోంది, మొగుడు కృష్ణమోహన్ కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. మూడు వారాలుగా ఆ ఇంట్లో నలిగిన మాటే నలుగుతోంది.

"అన్నిటికీ ఊఁ అంటావు, ఆ ఒక్కటీ తప్ప."

"మళ్ళీ మొదలెట్టారా? నాకు ఓపిక లేదండీ. పొద్దున్నించీ పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ తాగలేదు."

"ఒక్క మాట అను, వదిలేస్తాను. ఇంకెప్పుడూ నైన్ వన్ వన్‌కి ఫోన్ చెయ్యనని."

"మీరు పడిపోతే చేతులు ముడుచుకు కూర్చోమంటారా?"

"తేనె నాకించు. పంచదార నీళ్ళు పట్టు. ఏదన్నా చెయ్యి. పోలీసుల్ని పిలవడమంటే కొరివితో తల గోక్కోవడమే."

"నేను పోలీసుల్ని పిలిచానా? మా ఆయనకి షుగర్ పడిపోయింది, అంబులెన్స్ పంపండి అన్నాను. చిలక్కి చెప్పినట్టు చెప్పాను."

"వచ్చిందెవరు?"

"దీపం వెలగట్లేదు, ఉండండి."

"వచ్చిందెవరు, దుర్గా?"

"వాళ్ళే. దగ్గర్లో వాళ్ళ కారుందట. ఎన్నిసార్లు చెప్పించుకుంటారండీ?"

"నాకేం గుర్తు లేదు కదా. నేను నిజంగా ఆ పోలీసుని కొట్టానా?"

"కొట్టలేదు. భుజం మీద చెయ్యేస్తే విదిలించుకున్నారు. షుగర్ పడితే మీరంతే కదా, నన్నే దగ్గరికి రానివ్వరు. అతనికేం తెలుసు? చేతులు చూపించు, చేతులు చూపించు అని ఒకటే అరుపు. మీరేమో పంచె జారుతోందని నడుం దగ్గర సర్దుకుంటున్నారు."

"పంచెలో తుపాకీ ఉందనుకున్నాడా? బాగుంది."

"నవ్వకండి. నాకు నవ్వు రావట్లేదు. డయాబెటిక్, డయాబెటిక్ అని గొంతు చించుకున్నాను. ఆ టేజర్, అదే కరెంటు షాకిచ్చే తుపాకీ, టకటకలాడింది. మీరు కొయ్యలా బిగుసుకుపోయి పడ్డారు. పోయారనుకున్నాను."

"అంతేగా? పడ్డాక వదిలేశాడుగా?"

"ఆ వత్తుల డబ్బా ఇలా అందుకోండి."

"దుర్గా, పడ్డాక వదిలేశాడుగా?"

"లేదు. మళ్ళీ నొక్కాడు."

"పడ్డాక కూడానా!"

"మీ ఒళ్ళు కొట్టుకుంటోంది. అది చూసి ఇంకా ఎదురు తిరుగుతున్నారనుకున్నాడు. మీకు చెప్పొద్దనుకున్నాను, చెప్పించారు. కుర్రాడేనండీ. అతని చేతులూ వణుకుతున్నాయి."

"వణికే చేతుల్తో రెండుసార్లు నొక్కాడు."

"అంబులెన్స్ వాళ్ళొచ్చి సూది వేశాక కళ్ళు తెరిచారు. బేడీలతో పడుకుని, కాఫీ పెట్టావా అని అడిగారు నన్ను. ఆ మాటకి నాకు ఏడుపు ఆగలేదు."

"పైగా పోలీసుని కొట్టానని నా మీదే కేసు."

"కేసు ఎత్తేశారని లాయరు చెప్పాడుగా. ఇంకా ఎందుకండీ ఈ తవ్వకం?"

"కేసు కాదే. గుండె మీద ఆ రెండు మచ్చలూ దురద పెట్టినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తోంది. మూడోసారి నొక్కితే ఈ గుండె తట్టుకుంటుందా? చస్తే నీ చేతుల్లో చస్తాను గానీ అలా చావను. నాకు భయంగా ఉంది, దుర్గా."

"సంధ్యవేళ ఆ మాటలేంటండీ!"

"అయితే మాటివ్వు."

"మీరు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు."

"మూడే. మాటివ్వు."

"సరే. పిలవను. చాలా? శివయ్య ముందు చెబుతున్నాను, పిలవను."

"చాలు. ఇంక అడగను. చుక్క కనపడిందా?"

"ఇంకా లేదు. ఉపవాసం నాకు కదా, చుక్క కోసం మీ ఆత్రమేంటి?"

"నీకు ఆకలేస్తోందని. చుక్క కనపడిందా?"

"ఇప్పుడే కదండీ అడిగారు."

"అడిగానా? చలిగా ఉంది. కాదు, ఉక్కగా ఉంది."

"ఏదో ఒకటి చెప్పండి. అదేంటి, చొక్కా తడిసిపోయింది? నవంబర్లో చెమటలేంటి?"

"హీటర్ ఎక్కువ పెట్టావు."

"హీటర్ వెయ్యనేలేదు. ఇటు చూడండి. నేను గుడికెళ్తూ పెట్టిన అన్నం తిన్నారా?"

"తిన్నాను, తిన్నాను. కంచం కడిగాను కూడా."

"మీరు కంచం కడిగారా! పెళ్ళయ్యాక కడిగిన మొహమేనా ఇది? నా మీద ఒట్టేసి చెప్పండి, తిన్నారా?"

"నీ మీద ఒట్టెందుకులే."

"తిన్నారా లేదా?"

"లేదు."

"పొద్దున ఉప్మా?"

"చెత్తబుట్టలో. పైన పేపరు కప్పాను."

"ఎందుకండీ? ఎవరు చెయ్యమన్నారు మిమ్మల్నీ పని?"

"నువ్వే. ఆస్పత్రిలో మొక్కుకున్నావుగా, ఈ మనిషి బతికి బట్టకడితే ఇద్దరం కార్తీక సోమవారాలు ఉంటామని. కళ్ళు మూసుకున్నాను గానీ విన్నాను. ఇప్పుడేమో నన్ను తినమని, నా వంతు కూడా నువ్వే ఉంటానంటావు. మొక్కు సగం తీరితే నీకు నిద్ర పట్టదు. నాకు తెలీదా?"

"మరి ఇన్సులిన్? పొద్దున, మధ్యాహ్నం నా ఎదురుగానే వేసుకున్నారు కదా!"

"వేసుకోకపోతే నీకు తెలిసిపోతుందిగా."

"ఓరి దేవుడో! తిండి లేకుండా రెండు పూటలా ఇన్సులిన్ వేసుకున్నారా? నా మొక్కు మండిపోను! ఇదిగో, ఆరెంజ్ జ్యూస్. తాగండి."

"చుక్క రాలేదు."

"వచ్చింది. అదిగో, చెట్టు మీద. తాగండి."

"అది విమానం."

"విమానమైనా శివుడేం అనుకోడు. ఒక్క గుక్క."

"అది విమానం. దుర్గా, అది విమానం."

"అవును, విమానమే. నోరు తెరవండి. నా బంగారం కదూ. అయ్యో, మొత్తం ఉమ్మేశారు."

"నువ్వెవరు?"

"నేనండీ, దుర్గని. తేనె రాస్తున్నాను, ఈ వేలు చప్పరించండి. అబ్బా! కొరకకండి!"

"పో. అందరూ పోండి."

"ఎవరూ లేరు, మనిద్దరమే. లేవకండి. దీపాల వైపు వెళ్ళకండి, పంచె అంటుకుంటుంది. అమ్మా! నా చెయ్యి వదలండి. మెలితిప్పుతున్నారు, వదలండి!"

"పో!"

"పోతాను, పోతాను, మీరు కూర్చోండి. ఆ ఎర్రడబ్బాలో షుగర్ పెంచే ఇంజెక్షన్ ఉంటే ఈపాటికి వేసేదాన్ని. ఉన్నదొక్కటీ మొన్న అంబులెన్స్ వాళ్ళకే ఇచ్చాను, కొత్తది ఇంకా రాలేదు. ఏం చెయ్యను? ఏమండీ, నా వైపు చూడండి. కళ్ళు తేలేస్తున్నారేంటి?"

"చు... చుక్క..."

"మాట్లాడండి. ఇందాకటి పాటే పాడండి, విసుక్కోను. ఏమండీ! శివయ్యా, నీ ఎదుటే మాటిచ్చాను. ఆ పాపం నన్నే కొట్టనీ. ఈయన్ని చూస్తూ చూస్తూ చంపుకోలేను."

"అందరూ... పో..."

"హలో? మై హస్బెండ్, డయాబెటిక్. లో షుగర్, వెరీ లో. ప్లీజ్, ఓన్లీ అంబులెన్స్. నో పోలీస్. నో నో, నో గన్ ఇన్ ది హౌస్."

"పో..."

"హిట్టింగ్? నో, మేడమ్. హి నెవర్ హిట్ మీ. హి ఈజ్ గుడ్ మాన్. హి ఈజ్ సిక్. ప్లీజ్ టెల్ దెమ్, సిక్. వాట్? పోలీస్ కమింగ్ ఫస్ట్? వై, మేడమ్? ఐ సెడ్ ఓన్లీ అంబులెన్స్!"

"పోండి... పో..."

"ఏమండీ, వినబడుతోందా? అంబులెన్స్ దూరంలో ఉందట. మళ్ళీ వాళ్ళే ముందొస్తున్నారు. అలా చేతులు విసరకండి, మీకు దణ్ణం పెడతాను."

"వదులు... వదులు..."

"వదలను. రెండు చేతులూ ఇటివ్వండి. నా కొంగుతో కట్టేస్తున్నాను. బిగించే కడుతున్నాను, ఏమీ అనుకోకండి. వాళ్ళొచ్చేసరికి మీ చేతులు కదలకూడదు."