మా మరిది ఊపిన వీడియో

ఇదివరకెప్పుడూ నేనేమీ రాయలేదు. ఐదో తరగతితో ఆగిన చదువు, నలుగురిలో నోరు పెగలని మనిషిని. అయినా మా మరిది కోతలు నా ఒక్కదాని కడుపులో దాచుకుంటే ఉబ్బి చచ్చేలా ఉన్నాను, అందుకే రాస్తున్నాను.

మరిది వీడియోలు ఎడిటింగ్ చేస్తాడు. నేను కిటికీ కర్టెన్లు కుడతాను. నా పనికి ప్రకటనగా ఒక వీడియో చేసి తెలిసినవాళ్ళందరి ఫోన్లకీ పంపాడు. ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు. ఇలాగే ఉంటే ఇంట్లో మిషను మూసేసి మళ్ళీ బట్టల ఫ్యాక్టరీకి పోవాలి. ఆ దిగులుతోనే వరండాలో కూర్చుని కర్టెన్‌కి అంచు మడుస్తున్నాను. మరిది ఎదురింటి డ్రైవరుకి చెప్పుకుపోతున్నాడు.

"కెమెరా స్టాండు మీద పెట్టి తీశాను గురూ, కొయ్యబారినట్టు వచ్చింది, చూసేవాడికి కునుకే! అందుకని కంప్యూటర్లో కాస్త వణుకు కలిపాను, చేత్తో పట్టుకుని తీసినట్టు ఉండాలిగా, కూరలో ఉప్పులా చిటికెడే. అంతే, గదికి ప్రాణం లేచొచ్చింది!"

"చిటికెడేనా?" అన్నాడు డ్రైవరు.

"మొదట చిటికెడే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెయ్యి ఆగలేదు. ఇంకాస్త పెంచితే బల్ల మీద నీళ్ళ గ్లాసు దానంతటదే అంచుదాకా నడిచొచ్చింది. ఇంకాస్త పెంచా, మేడ మీదవాళ్ళు భూకంపం అనుకుని పిల్లల్ని చంకనేసుకుని మెట్లు దిగారు, నేను ఆపితే ఎక్కారు, మళ్ళీ నడిపిస్తే మళ్ళీ దిగారు, పాపం వాళ్ళకసలే మోకాళ్ళ నొప్పులు!"

"ఎదురుగానే ఉంటాను, నాకు తెలీలేదేం?"

"నువ్వు బండిలో ఉండుంటావు, గుంతల రోడ్డనుకున్నావు. అక్కడితో అయిందా? ఓడ నడిపే కెప్టెన్ ఒకాయన, పుట్టి బుద్ధెరిగి సముద్రం మీద వాంతి చేసుకోని మనిషి, మా వదిన వీడియో చూసి బకెట్ తెమ్మన్నాడట! ఆయన ఫోన్ తెరిస్తే ఓడ ఒరిగింది, మూస్తే నిలబడింది. ఇక ఆ రాత్రి చందమామ..."

"చందమామ సంగతి తర్వాత," అంది అత్తయ్య, గుమ్మంలో కూర్చుని అదే వీడియో ఉన్న ఫోన్ ముక్కుకి ఆనించుకుని చూస్తూ. "ఈ అడుగున కోడలి ఫోన్ నంబరు ఎందుకురా గెంతుతోంది?"

"అది... సహజంగా ఉండాలి కదమ్మా."

"తీసేవాడి చెయ్యి వణికితే గది వణకాలి, కర్టెన్ వణకాలి. తర్వాత నువ్వు తాపీగా కూర్చుని అంటించిన అంకెలకి ఏం చలేసిందిరా? ఇది మూడో ఎనిమిదో నీ కెప్టెన్నే అడిగి చెప్పు!"

డ్రైవరు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మరిది ఉన్నట్టుండి చెప్పులు వెతుక్కున్నాడు. నాకు సూది వేలికి గుచ్చుకుంది. నంబరుతో సహా మొత్తాన్నీ ఊపేశాడన్నమాట! ఎవరైనా చదవగలిగితే కదా ఫోన్ చెయ్యడానికి.

మర్నాడు పొద్దున్నే టీ కలిపి, కప్పు పట్టుకెళ్ళి, కుర్చీ లాక్కుని అతని కంప్యూటరు పక్కన కూర్చున్నాను. "ఇటివ్వు వదినా," అని చెయ్యి చాపాడు. తెర మీద నా నంబరు వేలు పెట్టి చూపించాను. గదిని ఎంతైనా ఊపుకోమన్నట్టు ఊరుకున్నాను గాని, అంకెలు కదలకుండా నిలబడేదాకా టీ కప్పు అతని చేతికివ్వలేదు.