యశోదమ్మ కొంగున చావి

ఏదీ, ఆ పేపర్ ఇటు తే రాఘవేందర్. అరే, ఫొటోల ఉన్నోడు మా ఇంద్రసేన గాదూ! చదువు, జర గట్టిగ చదువు. ఏందీ? "ఫ్రాన్స్ రాజుగారి కోసం చేసిన జేబు గడియారాన్ని మా కుటుంబం తాతల నుంచి కంటికి రెప్పలా కాపాడుకుంది" అనా? థూ! సిగ్గుండాలె. రెప్పనట, రెప్ప!

మీకేం ఎర్క, అశోక్ నగర్ల పరీక్షలకని నిన్నగాక మొన్న దిగినోళ్లు. నేను చిక్కడపల్లిల వాళ్లింట్లనే కిరాయికున్న. యశోదమ్మ అని, వీని నాయనమ్మ. ఆమె మామకు ఎవరో నవాబు మెచ్చి ఇచ్చిండట ఆ గడియారం. బంగారు డొప్ప ఉండె దానికి. ఆడబిడ్డ లగ్గమొచ్చింది, యశోదమ్మ పెనిమిటి కిషన్ రావు ఏం జేసిండు? డొప్ప ఊడబీకి, కరిగించి, పుస్తెలు చేయించిండు. లోపటి మిషను మిగిలింది. నారాయణగూడ నుంచి పాతసామాన్లోడు తక్కెడ పట్టుకొని గేటు కాడ నిలవడ్డడు. "ఏసెయ్యవే, ఆగిపోయిన గడియారం ఇంట్ల ఉంటే అరిష్టం" అంటడు పెనిమిటి పెద్దమనిషి. బంగారానికి మాత్రం ఏ అరిష్టం లేదు, చూడు!

యశోదమ్మ మెల్లగనే అన్నది, "నేను దాన్ని ఆగనియ్యను. ఇంట్లనే ఉండనియ్యుండ్రి" అని. గంతే. ఆనాటి సంది పొద్దుగాల దీపం పెట్టుడు, గడియారానికి చిన్న తాళంచెవి తిప్పి చావి ఇచ్చుడు. దుమ్ము పడకుంట పైన గాజు గ్లాసు బోర్లించేది. తమ్ముని లగ్గానికి పాలమూరు పోయి, తలంబ్రాలు పడంగనే బస్సెక్కి వచ్చింది మహాతల్లి. ఎందుకు? తెల్లారితె చావి ఇయ్యాలె గద! అందరు నవ్వేటోళ్లు. "ముసల్ది గడియారానికి పాలిస్తున్నది" అని ఈ ఇంద్రసేన, నా ముందటనే ఎక్కిరించిండు. గీడే! ఇయ్యాల కోటేసుకొని ఫొటో దిగిండు.

కింద చదువు, ఆమె పేరుందా? లేదా? ఏమున్నది మరి? "నాయనమ్మ పోయిన తెల్లారే గడియారం ఆగిపోయింది, అదొక మహిమ" అనా? అవు, ఆనాడు కొబ్బరికాయ గూడ కొట్టిండ్రు. ఏం మహిమరా, మీ మొఖాలకు! ఇంటినిండ మందే ఉండిరి. ఒక్కడు చావి ఇయ్యలే. అది ఏడుంటదో గూడ ఎర్కలేదు ఒక్కనికి. ఆమె కొంగుకు ముడేసుకొని ఉండేది. ఆ కొంగుతోనే కాష్ఠం మీద పండవెట్టిండ్రు.

...మడువు ఆ పేపర్. చాయ్ చల్లారుతున్నది, తాగు.