సంబంధానికి పంపే ఫోటో

ఆదివారం సాయంత్రం దుబాయ్‌లోని డేరా రేవులో అబ్రా పడవ కదిలింది. ఇస్త్రీ చొక్కా, నల్ల కళ్లద్దాలతో బావ. ఎదురుగా పాత కెమెరా కొనుక్కున్న బామ్మర్ది.

“మొన్నటి సంబంధపోళ్లు ఫోటో జూసే వద్దన్నరు. ఈసారి ఎన్కకు పెద్ద బిల్డింగ్ రావాలె.”

“పిల్ల బిల్డింగ్‌ను చేసుకుంటదా బావా?”

“మరి తియ్యవేంది?”

“ఎండ నీ మొఖం మీదికి రానీ.”

“కంపెనీల ముదీర్ సాబ్ కోసం ఆగినట్టు ఎండ కోసం ఆగుడేంది రా?”

“మూడు నెలల సంది గదే నేర్చుకుంటున్న.”

గాలికి కళ్లద్దాలు జారి ఒళ్లో పడ్డాయి. బావ నవ్వాడు. కెమెరా చప్పుడైంది.

“అరే, ఆగొద్దా! ఏదీ, చూపియ్యి... నేను గిట్ల నవ్వుతనా?”

“రోజూ నవ్వుతవ్.”

“గిదే పంపు.”

“బిల్డింగ్ రాలే గద?”

“రాకపాయె. కుదిరితే లగ్గంల గూడ నువ్వే తియ్యాలె.”

“తీస్త. గట్లనే ఉండు బావా, ఎండ పోకముందే ఇంకోటి.”