తలుపు అవతల

తల్లీకూతుళ్లు ఒకరి ఒంట్లోకి ఒకరు దూరిపోయే సినిమా టీవీలో అప్పుడే అయిపోయింది. నవ్వీ నవ్వీ అలసిన ఆ ఇంటి తల్లీకూతుళ్లు కూడా అదే ఆట మొదలుపెట్టారు.

“అమ్మా, ఇప్పుడు నేనే నువ్వు. ఆఫీసు నుంచి వస్తున్నా, చూడు.”

“అదేంటే, తలుపు దగ్గరే కొయ్యబారిపోయావ్?”

“నువ్వు అంతేగా. లోపల నాన్న గొంతు ఎలా ఉందో విన్నాకే బెల్లు కొడతావు.”

“నోర్ముయ్. సినిమాలు చూసి చూసి పెద్ద మాటలు నేర్చావు.”

“సరే, ఇప్పుడు నువ్వే నేను. నా బ్యాగు తగిలించుకుని స్కూల్ నుంచి రా… అమ్మా, ఇంకా బయటే ఉన్నావేంటి? నేనైతే ఎగురుకుంటూ వచ్చేస్తా.”

“లేదు తల్లీ. బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, ఇక్కడే నిలబడతావు. తలుపు కింద సందులోంచి నీ పాదాలు కనిపిస్తూనే ఉంటాయి నాకు.”

“మరి చూసి కూడా తలుపు తియ్యవేం?”

“ఆయన గదిలోకి వెళ్లేదాకా ఆగుతా.”

“అమ్మా, లిఫ్టు పైకొస్తున్నట్టుంది. నాన్నేమో. లోపలికి రా!”

“నువ్వే బయటికి రా. బ్యాగు నా దగ్గరే ఉంది. బూట్లు చేత్తో పట్టుకో, మెట్ల మీంచి దిగిపోదాం.”

“ఎక్కడికి?”

“అమ్మమ్మ ఇంటికి. అక్కడైతే తలుపు తోసుకుని లోపలికి వెళ్లిపోవచ్చు.”