ముందటి అంకె చూడనివ్వని గురువు

పంతొమ్మిది వందల తొంభై మూడవ సంవత్సరం జూన్ పద్నాలుగవ తేదీ, సోమవారం ఉదయం, తడిసిన గొడుగు ఒక చేత, నియామక పత్రం మరొక చేత పట్టుకుని, ఇరవై ఎనిమిదేళ్ళ భౌతికశాస్త్ర అధ్యాపకురాలు ఒకరు మన ఆసుపత్రి నేలమాళిగ మెట్లు దిగారు. నేడు పదవీ విరమణ చేస్తున్న మన ప్రధాన మెడికల్ ఫిజిసిస్టు వారే. శిక్షణార్థులందరి నోటా ‘మిల్లీమీటరు మేడం’గా నిలిచిపోయిన ఆ మహనీయురాలిని గురించి నాలుగు మాటలు రాసే భాగ్యం, వారి తొలి శిక్షణార్థినిగా, నాకు దక్కింది.

కణితికి ఎంత కిరణం అందాలో వైద్యులు నిర్ణయిస్తారు. యంత్రం నుంచి సరిగ్గా అంతే అందుతున్నదా, అందవలసిన చోటే అందుతున్నదా అని చూసే బాధ్యత ఫిజిసిస్టుది. ఆ రోజుల్లో మనకున్నది ఒకే ఒక కోబాల్టు యంత్రం, గ్రాఫు కాగితాల కట్ట, ఒక కాలు పొట్టిదైన బల్ల. నేర్పేవారు లేరు. “నన్ను నీళ్ళలోకి తోసి తలుపేసుకున్నారమ్మా. మునగలేదు గానీ చాలా నీళ్ళు తాగాను” అని వారు తరువాత నాతో నవ్వుతూ అనేవారు. ఆ నవ్వు వెనుక పదకొండేళ్ళ ఒంటరి కృషి ఉంది.

తనలా మరెవరూ నీళ్ళు తాగకూడదనే సంకల్పంతో వారు, ఆసుపత్రిలోనే పనిచేస్తూ నేర్చుకునే రెండేళ్ళ రెసిడెన్సీ శిక్షణకు ప్రణాళిక రచించారు. “డిగ్రీ ఉన్నవాళ్ళకి మళ్ళీ రెండేళ్ళు ఏం నేర్పుతారమ్మా?” అని అడిగారట అప్పటి డైరెక్టరుగారు. ఆయన స్వయంగా శస్త్రవైద్యులు. “మీరు పుస్తకం మూసిన రోజే కత్తి పట్టుకున్నారా సార్?” అన్నారట మేడంగారు. సంతకం ఆ రోజే అయింది. రెండు వేల నాలుగులో నేను చేరాను.

మొదటి పాఠం నాకు ఇప్పటికీ కలలోలా కనిపిస్తుంది. రోగి తల కదలకుండా బిగించే ప్లాస్టిక్ వల, వేడి నీటిలో మెత్తబడి, నా ముఖం మీద తడిగుడ్డలా వాలి, మెల్లగా బిగుసుకుని నా ముఖంగానే మారిపోయింది. కిరణం లేదు, యంత్రం ఊరికే నా చుట్టూ తిరుగుతోంది. మందమైన గోడల వెనుక లోకమంతా ఎక్కడికో వెళ్ళిపోయినట్టుంది. పైకప్పు మీద రెండు సన్నని ఆకుపచ్చ వెలుగుగీతలు కలుసుకున్న చోటనే చూపు నిలిపి, కాలం ఆగిందో నడుస్తున్నదో తెలియక పడుకున్నాను. పదిహేను నిమిషాల తరువాత మేడంగారు తలుపు తెరచి, “ఎలా ఉంది?” అని అడిగారు. నేను ముఖం తడుముకున్నాను. “ఇది గుర్తుంటే చాలు. లెక్కలు నేను నేర్పుతాను” అన్నారు.

మరుసటి ఏడు జరిగిన సంఘటనను వారి అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాను. యంత్రం వార్షిక కొలతలను మేడంగారు స్వయంగా పూర్తిచేసిన పది రోజులకు, నేను సాధన కోసం అవే కొలతలు తీసుకున్నాను. ఆ లెక్కలో ఆనాటి గాలి పీడనం కూడా చేరాలి. ఆసుపత్రి బేరోమీటరు మేడంగారి గదిలో ఉండడంతో, దగ్గరలోని కళాశాల నుంచి ఒకటి తెచ్చుకున్నాను. మూడు శాతం తేడా వచ్చింది. ఒక రోజంతా ఆ అంకెను దాచుకుని తిరిగాను. మరునాడు పొద్దున్నే వారి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

“మేడం, మూడు శాతం తేడా వస్తోంది. నాదే తప్పయ్యుంటుంది.”

“ఎన్నిసార్లు కొలిచారు?”

“నాలుగుసార్లు.”

“నాలుగుసార్లూ అంతే వచ్చాక, మీదే తప్పని ఎందుకనుకున్నారు?”

“ముందు కొలిచింది మీరు కదా మేడం.”

వారు కుర్చీలోంచి లేచారు. “అదే నాకు భయం. పదండి, ఇద్దరం కొలుద్దాం” అన్నారు.

చికిత్సలు ఆపించారు. కిరణాన్ని కొలిచే తొట్టిలో నీళ్ళు నింపాం. “నీళ్ళు కుదురుకోనివ్వండి” అన్నారు. అలల చివరి వణుకు అణగి, దీపాల నీడ నీటిలో నిశ్చలమయ్యేంతవరకు ఆగాం. కళాశాల బేరోమీటరుతో మళ్ళీ నా అంకే వచ్చింది. ఆ వార్షిక కొలతలకు ముందు మరమ్మతుకు వెళ్ళిన ఆసుపత్రి బేరోమీటరును బాగుచేసినవారు సముద్రమట్టపు లెక్కకు సరిపెట్టి పంపారు. మన ఊరేమో రెండు వందల యాభై మీటర్ల ఎత్తున ఉంది. దానితో యంత్రం ఇచ్చే కిరణం లెక్కలో తక్కువగా తేలి, పది రోజులుగా ముప్ఫై నలుగురికి మూడు శాతం ఎక్కువ కిరణం అందింది. మేడంగారు కళ్ళజోడు తీసి స్టూలు మీద కూర్చున్నారు. 

“ప్రస్తుతానికి పేషెంట్లకి కరెంటు సమస్య అని చెబుదాం” అన్నారు ఒక అధికారి. “కరెంటు ఏం పాపం చేసింది సార్?” అని, మేడంగారే నేరుగా నిరీక్షణ మందిరంలోకి నడిచారు. జరిగింది దాచకుండా, తేలిక మాటల్లో చెప్పారు. తప్పు తనదన్నారు. ప్రతి ఒక్కరి లెక్కా మళ్ళీ చేసి, డాక్టర్లు చూశాకే చికిత్స మొదలవుతుందన్నారు.  గొంతు చికిత్సకు వస్తున్న ఒక పెద్దాయన, వృత్తిరీత్యా దర్జీ, బొంగురుగా అన్నారు:

“నలభై ఏళ్ళు గుడ్డ కత్తిరించానమ్మా. టేపు సాగిందని గిరాకీతో చెప్పిన దర్జీని నేను చూళ్ళేదు. నేనూ చెప్పలేదు. మళ్ళీ ఎన్నింటికి రమ్మంటారు?”

మూడు రోజులు వారు కుర్చీ దిగలేదు. మిగిలిన విడతల్లో డోసు కొద్దిగా తగ్గించి, మొత్తం సరిపోయేలా సవరించారు. అప్పటికే చికిత్స ముగిసిన ఇద్దరిని వైద్యులు ఏళ్ళ తరబడి గమనించారు, హాని జరగలేదు. నివేదికలో తప్పు చేసినవారిగా తన పేరును, కనుగొన్నవారిగా నా పేరును తన చేత్తోనే రాశారు. ఆనాటి నుంచి మన విభాగంలో కొత్త శిక్షణార్థి ఎవరైనా ముందటి అంకె చూడకుండానే యంత్రాన్ని కొలవాలి. అది నియమమైంది.

ఇంత నిష్ఠ గల వ్యక్తి ఇంట్లో ఎలా ఉంటారో అనే సందేహం మా అందరికీ ఉండేది. లైబ్రేరియనుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న వారి భర్తగారు మొన్న ఆ గుట్టు విప్పారు: “కూరలో ఉప్పు మాత్రం చేతికొచ్చినంత వేస్తుందమ్మా. ముప్ఫై ఏళ్ళుగా అడుగుతున్నాను. ఇంటికొచ్చాక కూడా కొలవమంటారా అంటుంది.” డాక్టరు చదివిన కుమార్తె పక్కనుంచి, “నాన్నా, నువ్వు తినడం మానలేదుగా” అన్నారు.

గత శుక్రవారం వారి చేతి మీదుగా ఇరవయ్యవ శిక్షణార్థిని తుది మౌఖిక పరీక్ష జరిగింది. మేడంగారు చివరి ప్రశ్న వేశారు. ఆ అమ్మాయి చాలాసేపు ఆలోచించి, “నాకు తెలీదు మేడం. కనుక్కునేదాకా పేషెంటుని బల్ల ఎక్కించను” అంది. కిటికీలోంచి పడే సాయంకాలపు పలుచని ఎండలో మేడంగారు కాగితం మీద మార్కులు వేసి, కలం మూత పెట్టి, “ఇక నేను వెళ్ళొచ్చు” అన్నారు. ఆ గదిలో ఎవరికీ వెంటనే లేవబుద్ధి కాలేదు.

మేడంగారూ, మీ చేతుల్లో తయారైనవారు నేడు ఎన్నో ఊళ్ళలో ఎందరి ప్రాణాలనో కాపాడుతున్నారు. ఆ ప్రాణాల ఆయుష్షులో తలా ఒక రోజు మీకు చేరినా నూరేళ్ళు దాటిపోతాయి. ఆ రోజులన్నీ నిండైన ఆరోగ్యంతో, మీవారి సాహచర్యంలో, బిడ్డ మురిపెంతో, గడియారం వంక చూడనవసరం లేని పొద్దుల్లో గడవాలని, అవెన్నో మీరు ఏనాడూ లెక్కపెట్టకూడదని మనసారా కోరుకుంటున్నాం.