సబ్బుకు దిగని ఎరుపు: శ్రీ చిలువేరు రామచంద్రం గారి పదవీ విరమణ సందర్భంగా

1987వ సంవత్సరం జూలై ఆరవ తేదీన, సోమవారం పూట, మన పోచంపల్లి చేనేత సహకార సంఘపు రంగుల షెడ్డులో సహాయకులుగా చేరిన శ్రీ చిలువేరు రామచంద్రం గారు, ఆ సాయంత్రానికే తమ పెండ్లినాటి తెల్ల అంగీని ఎర్రరంగు తొట్టిలో జారవిడిచి, ఏ మాత్రం చలించక దాన్ని పిండి, దులిపి, తొడుక్కొని ఇంటికి నడిచారు. దారిలో అడిగినవారికి కొత్తది కుట్టించుకున్నానని చెప్పారట. ఆ నిబ్బరమే ముప్పై ఎనిమిదేండ్ల ఉద్యోగ జీవితానికి పునాది అయింది.

1999లో రంగుల మేస్త్రిగా పదోన్నతి పొందిన నాటినుండి ఆయన చేతి ఎరుపునకు ఖ్యాతి వచ్చింది. సంఘం గోదామును చూసుకొని ఆయనకంటె నాలుగేండ్లు ముందే విరమణ పొందిన వెంకన్న, అనగా ఈ వ్యాసకర్త, ఆ ఎరుపును గూర్చి చెప్పే ముచ్చట సభ్యులెరిగినదే. మూసీ వరదలో కొట్టుకపోయిన ఒక చీర సముద్రం దాకా పోయి, ఏడాదికి ఒక చేప కడుపులో దొరికిందట; చీర నిన్న నేసినట్టు ఎర్రగా ఉన్నదట, చేపకు మాత్రం చుక్కైనా అంటలేదట. నమ్మనివారు ఆ చేపనే విచారించుకోవచ్చును.

2019 ఎండాకాలంలో రామచంద్రం గారికి మూత్రంలో అప్పుడప్పుడు ఎరుపు కనబడసాగింది. మరొకరైతే బెదిరేవారు. ఆయన మోచేతుల దాకా రంగులో బతికిన మనిషి. ఇంట్లో చెంబు ఎర్రన, దిండు ఎర్రన, గడప ఎర్రన. ఇదీ చేతుల రంగే నీళ్లలో కలిసిందనుకున్నారు. నొప్పి కూడా లేకపోవడంతో నెలల తరబడి పట్టించుకోలేదు. ఒకనాడు ఆయన సతీమణి నిర్మలమ్మ గారు లుంగీ మీది ఎర్ర మరకను చల్లనీళ్లలో సబ్బుతో రుద్దగా, అది ఆనవాలు లేకుండా పోయింది. ఆమె ఆ తడి లుంగీతోనే షెడ్డుకు వచ్చి నీ రంగు సబ్బుకు దిగిందని చెప్పేసరికి మేస్త్రి గారికి రోషం ముంచుకొచ్చింది. ఆ వారం అద్దిన నూలంతా బయటికి తీయించి, ఉతికించి, ఎండకు పట్టి చూసి, ఎక్కడా లోపం దొరకక నిలబడిపోయారు. అప్పుడు నిర్మలమ్మ గారు నెమ్మదిగా అన్నారు:

“నీ నూలు మంచిగనే ఉన్నది. గిది నీ రంగు కాదు. దవాఖానకు నడువు.”

హైదరాబాద్ దవాఖానలో పరీక్షించి మూత్రాశయంలో క్యాన్సర్ గడ్డ ఉన్నదన్నారు. లోతుకు పోకపోవడం అదృష్టమన్నారు. తాము కాల్చే బీడీల వల్లనా, పాతకాలపు రంగుల వల్లనా అని అడిగితే, రెండింటినీ అనుమానించవచ్చును గాని ఒట్టేసి చెప్పలేమని డాక్టరు గారు సెలవిచ్చారు. బీడీల కట్ట ఆ సాయంత్రమే చెత్తకుండీ పాలైంది. గొట్టం పంపి గడ్డను గీకి తీసిన పిమ్మట, వారం వారం మూత్రాశయంలోకి మందు ఎక్కించి, దాన్ని రెండు గంటలు లోపలే ఆపుకొని, అటూ ఇటూ పక్కలు మారుతూ పండుకోవాలన్నారు. అట్లా ఎందుకో అక్కడి సిస్టరు మెర్సీ వివరించబోతే ఆయన మంచం మీదనే నవ్వారు.

“తొట్టిల నూలు తిప్పకుంటే మరకలు మరకలుగ పడతది బిడ్డా. నాకు ఎరుకే. ఇయ్యాల నేను నూలునైన.”

మంటను ఓర్చుకున్నారు, జ్వరాన్ని ఓర్చుకున్నారు, ఘడియకోసారి లేవడాన్నీ ఓర్చుకున్నారు. ఏడాది తిరిగేసరికి చిన్న గడ్డ మళ్లీ కనబడింది. ఈసారీ మందుకు లొంగకుంటే మూత్రాశయమే తీయవలసి రావచ్చునన్న మాటతో, పెండ్లి అంగీ పోయినా చెదరని నిబ్బరం సడలింది. ఇక దవాఖానకు పోయేది లేదని ఆయన షెడ్డు అరుగు మీద గోడదిక్కు మొగం పెట్టి కూర్చున్నారు. వెంకన్న పక్కన చేరి, చేప ముచ్చట కూడా ఎత్తకుండా అడిగాడు:

“ఒక్క ముంపుకు రంగు పట్టని నూలును ఏం జేస్తవు రామచంద్రం?”

“మళ్ల ముంచుత.”

“పారెయ్యవా?”

“పారేస్తరా ఎవరన్న? గోదాముల కూసోని కూసోని నీకు మతి పోయింది,” అని కసిరి, తమ మాట తమకే వినబడినట్టు గోడను విడిచి ఇటు తిరిగారు. రేపు పొద్దున మొదటి బస్సు ఎన్నింటికని అడిగారు. ఇంటికి పోయి చూస్తే నిర్మలమ్మ గారు సంచి ముందే సర్దిపెట్టి ఉన్నారు.

రెండో విడత మందు పనిచేసింది. నాటినుండి ప్రతి పరీక్షలోను లోపల శుభ్రంగా ఉన్నదనే చెబుతున్నారు. అయినా పరీక్షకు ముందు రెండు దినాలు ఆయన ఎవరితోను మాట్లాడరు. తర్వాత రెండు దినాలు ఎవరినీ మాట్లాడనివ్వరు. బస్సులో వాకిలి పక్క సీటు, చేతిలో నీళ్ల సీసా తప్పనిసరి. పోచంపల్లి నుండి హైదరాబాద్ దాకా ఏ పెట్రోలు బంకు మూత్రశాలకు గడియ పడుతుందో, దేనికి పడదో ఆయనకు కంఠస్థం. కొత్త రోడ్డు పడితే బంకుకు జాగా ఎక్కడన్నది సర్కారువారు ఆయన్ని అడిగే ఖాయం చేస్తారని వెంకన్న నలుగురిలో చెబుతుంటాడు, ఆయన కాదనరు.

షెడ్డులో మాత్రం పరిహాసం చెల్లదు. చేతొడుగులు లేనివారిని తొట్టి దగ్గరికి రానివ్వరు. కొత్తగా చేరినవారిని ఆడా మగా తేడా లేక కూర్చోబెట్టి, సిగ్గుపడక, అదే మాట చెబుతారు: “మూత్రంల ఎరుపు కనబడితే రంగనుకోకుండ్రి, నా లెక్క. అదే దినం దవాఖానకు పోవాలె.”

2025 జూన్ ముప్పయ్యవ తేదీన విరమిస్తున్న రామచంద్రం గారి గోళ్లు ఇప్పుడు తెల్లగా ఉన్నాయి. నిర్మలమ్మ గారు వాటిని వచ్చినవారికల్లా చూపిస్తున్నారు. ఆ దంపతులు ఆరోగ్యంతో నిండు నూరేండ్లు వర్ధిల్లాలనీ, రానున్న ప్రతి పరీక్షకూ వాకిలి పక్క సీటులో ఆయన, ఆ పక్కనే వెంకన్న కూర్చొని పోయి నవ్వుతూ తిరిగి రావాలనీ, ఇకమీదట ఆయన కంటికి ఎరుపు నూలు మీద తప్ప మరెక్కడా కనబడరాదనీ సంఘ కుటుంబమంతా మనసారా కోరుకుంటున్నది.