సమాధుల పండుగకు మామిడి మీగడ

ఫిలిప్పీన్స్‌లోని టాక్లోబాన్‌లో సమాధుల పండుగ ముందురోజు. రోసెల్ పళ్లెంలో పరిచిన బిస్కెట్ల మీద చల్లటి మీగడ రాస్తుంటే, తల్లి మామిడిపండు ముక్కలు పేరుస్తోంది.

"అంచుల దాకా రాయవే. నీ తమ్ముడు మూలముక్కే కావాలనేవాడు."

"సమాధిలో వాడు లేడు కదమ్మా. పేరొక్కటే ఉంది."

"పేరుకైనా పెట్టాలిగా. తుఫాను తీసుకుపోయింది, ఏం చేస్తాం."

తొమ్మిదేళ్లుగా దాచుకున్న మాట రోసెల్ నోటికొచ్చేసింది.

"తుఫాను కాదమ్మా, నేనే. ఇంట్లోకి నీళ్లొచ్చినప్పుడు వాడి చెయ్యి పట్టుకున్నాను కదా. అది జారిపోలేదు. నేనే వదిలేశాను."

తల్లి ఇంకో ముక్క పేర్చింది.

"తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"రేకులు లేచిపోయిన ఇంటి కప్పు మీంచి చూశాను. నువ్వు రెండో చేత్తో కిటికీ కమ్మీ పట్టుకున్నావు, ఆ పట్టూ జారిపోతోంది. ఇద్దరూ పోతారనిపించింది. వదిలెయ్యమని అరిచింది నేనేనే. ఆ గాలిలో నీకు వినపడలేదనుకున్నా."

"వినపడింది."

"మరి ఇన్నేళ్లూ ఒక్క మాటైనా అనలేదేమే?"

"నీ గొంతని తెలియలేదమ్మా. నా మనసే ఆ మాట అన్నదనుకున్నాను."

తల్లి పళ్లెం పక్కకు జరిపి, మీగడ అంటిన కూతురి చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.